కొంగగారు మెచ్చిన క్యూ

ముసలి ఎలుగు సామ్రాజ్యం కూలిపోయాక ఆ మంచు అడవికి స్వాతంత్ర్యం వచ్చింది. దాని వెనకాలే తోడేలూ వచ్చింది. ఐదేళ్ళకోసారి పార్లమెంటు ఎన్నికలు పెడుతుంది. పార్టీలు ఐదు, ఐదింటికీ నాయకులు దాని బావమరుదులే.

ఈసారి వార్తలు చదివే కాకి కొంప ముంచింది. పోలింగు అయ్యాక సాయంత్రం చదవాల్సిన ఫలితాలు పొద్దున్నే చదివేసింది. "తోడేలుగారికి తొంభై ఏడు శాతం!"

"హమ్మయ్య, పనైపోయింది" అనుకుని కుందేళ్ళు బొరియల్లోకి పోయాయి.

తోడేలుకు చెమటలు పట్టాయి. పోలింగు చూడ్డానికి పరదేశం నుంచి కొంగగారు దిగి ఉన్నారు. క్యూ లేకపోతే పరువేం కాను?

"రా పెద్దమ్మా, మీ వాళ్ళని తీసుకురా. వేడివేడి క్యాబేజీ రొట్టెలు పెట్టిస్తా" అని ముసలి కుందేలును బతిమాలింది.

"గెలిచేశారుగా దొరా, ఇంకా మేమెందుకు? సరే, వస్తాం. మమ్మల్ని తిననని కొంగగారి ముందు ఒట్టెయ్యండి."

తోడేలు ఒట్టేసింది. కుందేళ్ళన్నీ క్యూ కట్టాయి. "ఎంత క్రమశిక్షణ!" అని కొంగ రాసుకుంది. విందులో నాలుగు చేపలు ఆరగించి ఎగిరిపోయింది.

అది మబ్బుల్లో కలిసేదాకా తోడేలు చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత నెమ్మదిగా ఇటు తిరిగింది.

"క్యూ చెదరకూడదు. ఒక్కొక్కరే రండి."