కోసేసిన ముక్క

స్క్రీన్ మీద నా కూతురు నోరు తెరిచి ఆగిపోయింది. బొమ్మ కింద తెల్లటి అక్షరాలు: “అమ్మా, ఇది చూడు!”

నాకు నవ్వొచ్చింది. మాటలు విని అక్షరాలుగా రాసిపెట్టే ఈ యాప్‌కి చెవుడు. పోయిన వారం “పిన్నీ చూడు”ని “పిండి చూడు” అని రాసింది.

“అమ్మా” చెరిపేసి “పిన్నీ” అని కొట్టాను. పక్క వీడియోకి వెళ్ళిపోయాను.

ఈ వీడియోలు మా చెల్లెలివి. కాగితంతో బొమ్మలు చెయ్యడం నేర్పుతుంది. పక్కన కూర్చుని వాటిని పాడుచేసేది మా బుడంకాయ, నాలుగేళ్ళది. జనం చూసేది బొమ్మల్ని కాదు, దీన్ని.

నేను ఆఫీసుకి వెళ్ళినప్పటి నుంచి వచ్చేదాకా పాప మా చెల్లెలి ఇంట్లోనే ఉంటుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఆ వీడియోలు నేను ఎడిట్ చేసి పెడతాను.

పది వీడియోలు, రెండు గంటలు. గొప్పకి చెప్పడం లేదు, నా పద్ధతి అలాంటిది. ఒక్కోదాన్నీ మొదలుపెట్టి పూర్తిచేస్తూ కూర్చుంటే ఆదివారం అక్కడే అయిపోతుంది. ముందు పదింటికీ కోతలు. తర్వాత పదింటికీ అక్షరాలు. ఆ తర్వాతే శబ్దం. పాప ముఖం బాగున్న ముక్క ఉంచి, అటూ ఇటూ ఉన్నది వినకుండానే కోసేస్తాను.

వినాలని కూడా ఉండదు. వింటే చెల్లెలి ముద్దుమాటలన్నీ వినాలి.

ఒప్పుకుంటాను, నాకు కుళ్ళు. పాప మొదటిసారి ఈల వేసింది ఆ గదిలోనే. మొదటిసారి కత్తెర పట్టింది ఆ గదిలోనే. అవన్నీ నేను స్క్రీన్ మీద చూశాను, అదీ రెట్టింపు వేగంతో. పగలంతా ఆఫీసులో పరుపుల కంపెనీ వీడియోలు కోసి ఇంటికొస్తే, నా వాటాకి మిగిలేవి పాప ఆవలింతలు.

పోయిన నెల ఎవరో ఒకావిడ వీడియో కింద “తల్లీకూతుళ్ళిద్దరూ భలే ఉన్నారు” అని రాసింది. “నేను పిన్నినండీ” అని చెల్లెలు జవాబిచ్చింది. ఇచ్చింది సరే, ఎంతసేపటికి ఇచ్చిందో కూడా చూశాను. ఆరు గంటల తర్వాత.

మా ఆయనతో చెప్తే, “సొంత చెల్లెలి మీద ఏంటే నీ ఏడుపు?” అన్నాడు.

ఏడుపే. ఏం చెయ్యను?

అక్షరాలు పూర్తయ్యాయి. శబ్దం పెట్టాను.

ఏడో వీడియో, కాగితం కప్ప. పాప దాన్ని పైకెత్తి చెల్లెలి వైపు తిరిగింది.

“అమ్మా, ఇది చూడు!”

వెనక్కి జరిపాను. మళ్ళీ విన్నాను. యాప్ సరిగ్గానే రాసింది.

నా ఒళ్ళు భగ్గుమంది. పాప నా పక్కనే నిద్రపోతోంది, ఒక కాలు నా ఒళ్ళో వేసి. లేపి అడుగుదామనిపించింది. నాలుగేళ్ళ పిల్లని ఏమని అడగను?

ఆ వీడియో పక్కన పడేయొచ్చు. పడేయలేదు. మూడో వీడియోలో పాప “పిన్నీ” అని పిలిచిన చోటు వెతికి, ఆ మాట తెచ్చి ఇక్కడ అతికించాను. పెదాల కదలిక మాటకి కలవలేదు. ఆ క్షణంలో కప్పని దగ్గరగా చూపించి పెదాలు కనపడకుండా చేశాను.

రెండు నిమిషాల పని. ఇన్నేళ్ళ అనుభవం చివరికి ఇందుకు పనికొచ్చింది.

పదీ అప్‌లోడ్ చేసేశాను. పావుగంటలో చెల్లెలు ఫోన్ చేసింది.

“అక్కా, కప్ప వీడియో చూశాను.”

“బాగుందా?”

“బాగా అతికించావు.”

ఏమనాలో తోచనప్పుడు నాకు కోపం వస్తుంది.

“రేపట్నుంచి పాపని డేకేర్‌లో వేస్తున్నా. నీకెందుకులే శ్రమ.”

“శ్రమ అని నేనెప్పుడైనా అన్నానా?”

“అనలేదు. అమ్మా అని మాత్రం పిలిపించుకున్నావు.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. చిన్నప్పటి నుంచీ మా చెల్లెలంతే, ముందు ఏడ్చి తర్వాత మాట్లాడుతుంది.

“పిలిపించుకోలేదక్కా. నోరు జారి అనేసింది. వెంటనే సరిదిద్దాను కూడా. నువ్వు కోసేసిన ముక్కలో ఉంటుంది. అది విను. విన్నాక నీ కూతురు, నీ ఇష్టం.”

పెట్టేసింది.

అసలు వీడియో తెరిచాను. ఎందుకు దాచడం? చెల్లెలు చెప్పింది అబద్ధమైతే బాగుండునని ఒక మనసు. అప్పుడు తను దొరికిపోతుంది కదా. నిజమైతే బాగుండునని ఇంకో మనసు.

“అమ్మా, ఇది చూడు!”

“అమ్మని కాదు బంగారం, పిన్నిని.” నిజమే. చెల్లెలు ఒక్క క్షణం కూడా ఆగలేదు. “మీ అమ్మ ఆఫీసులో ఉంది కదా. సాయంత్రం వచ్చేస్తుంది.”

నాకు ప్రాణం లేచొచ్చింది. చెల్లెల్ని బతిమాలుకుందామని ఫోన్ అందుకున్నాను. వీడియో ఆపడం మర్చిపోయాను.

పాప ఇంకో కాగితం తీసుకుంది. అంచుకి అంచు కలిపి, బొటనవేలితో గట్టిగా నొక్కి మడిచింది. తల ఎత్తలేదు.

“తెలుసు,” అంది.