మొగిలమ్మ దగ్గు

సాంబయ్య లాల్చీ జేబులోంచి నాలుగు ఎండు మిరపకాయలు తీసి, అరచేతుల మధ్య వేసి నలిపాడు.

"ఇగ స్విచ్చి పెట్టు," అన్నాడు దుకాణంలో పనిచేసే కుర్రాడితో.

వరంగల్ చౌరస్తాలో కరెంటు సామాను అమ్మే రాంచందర్, ఎగ్జాస్ట్ ఫ్యానును రెండు చేతులతో పట్టుకుని దాని వెనక నిలబడి ఉన్నాడు. సంగతి అర్థమయ్యే లోపలే ఫ్యాను తిరిగింది. కారపు నలుసంతా ఇటు నుంచి లోపలికి పోయి, అటు నుంచి రాంచందర్ ముఖాన కొట్టింది. పాపం, ఏడు తుమ్ములు తుమ్మాడు.

"మంచిగనే గుంజుతాంది. తొమ్మిదంగులాలది వద్దు, ఈ పన్నెండుదే కట్టు."

"నా కండ్లు పోయినయి సేటు! మిర్చి సరుకు సూసినట్టు ఫ్యాను సూస్తరా ఎవరన్న?"

"ఇంట్ల నా పెండ్లాం పానం పోతాంది, రాంచందర్."

రాంచందర్ కళ్లు తుడుచుకుంటూ ఫ్యాను కట్టిచ్చాడు.

బీటు బజారులో సాంబయ్యది మిర్చి వ్యాపారం. కింద గోదాము, పైన ఇల్లు. సీజను వచ్చిందంటే ఆ ఇంట్లో గాలికి కూడా కారం అంటుకుంటుంది. అయినా ముప్పై ఏళ్లలో ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదని సాంబయ్య గొప్పగా చెప్పుకునేవాడు. ఈ ఏడు ఫిబ్రవరిలో కొత్త పంట దిగింది. భార్య మొగిలమ్మకు దగ్గు పట్టుకుంది. పగలు పరవాలేదు, రాత్రయితే ఆ గదిలోంచి ఒకటే దగ్గు.

దగ్గుతో పాటు ఆమెకు పెత్తనం కూడా ఎక్కువైంది. కొత్త కోడలు సావిత్రి మందు పొయ్యాలి, కాళ్లు పిసకాలి, తన గదిలోనే పడుకోవాలి. పెళ్లయి నాలుగు నెలలైనా కాని కొడుకు యాదగిరి, ముఖం మాడ్చుకుని డాబా మీద పడుకునేవాడు. అత్తగారి పెత్తనానికి అడ్డు చెప్పేదెవరు?

సాంబయ్యే ఒకరోజు చెప్పి చూశాడు.

"దగ్గుకుంట ఆ పిల్లను పక్కల ఏసుకుంటవేందే? దానికి అంటుకుంటే?"

"నాకు రాత్రి ఎవరన్న తోడుండాలె."

"ఎదురింట్ల ఏమైందో మర్చినవా? దగ్గే కోడలిని పుట్టింటికి తోలిండ్రు. అది మల్ల రాలే. ఆ పంచాయతి చెప్పింది నేనే. రేపు మనింట్ల గట్లయితే, మనకొక న్యాయం, మందికొక న్యాయం ఉంటదా?"

మొగిలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మొండి మనిషి.

గోడకు కన్నం కొట్టి ఫ్యాను బిగించారు. ఇల్లలకగానే పండగవుతుందా? ఫ్యాను తిరిగినంతసేపు దగ్గు తగ్గేది. ఎండాకాలం కరెంటు ఎంతసేపు ఉంటుంది గనక! అది పోగానే మళ్లీ మొదలు. సాంబయ్య మెట్ల దారికి తడిపిన గోనెపట్టాలు కట్టించాడు. సగం సంచులు వేరే గోదాముకు తోలించాడు. సీసాల కొద్దీ మందు ఖాళీ అయింది. మార్కెట్లో వందమంది హమాలీలను గద్దించే మనిషి, ఏమీ చేయలేక ఆ గది తలుపవతల కూర్చుని, ఒక్కొక్క దగ్గుకూ తానే ఊపిరి బిగబట్టేవాడు.

చివరికి సుబేదారిలో ఒక పెద్ద డాక్టరుకు చూపించాడు. మొగిలమ్మ ఆయన ముందు కూడా ఒకటే పనిగా దగ్గింది. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇందులో ఏమీ లేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి."

"మరి గంత దగ్గెందుకొస్తాంది సార్?"

"అదే అంతుపట్టడం లేదు. ఒక పది రోజులు దవాఖానలో పెట్టండి. ఆ ఇంటి గాలికి దూరంగా ఉంటే తెలుస్తుంది."

మొగిలమ్మ చటుక్కున లేచి నిలబడింది.

"నేను పోను. మందులియ్యి సార్, ఇంటికాడనే ఉంట."

"పానం కంటె ఇల్లు ఎక్కువనా?" అన్నాడు సాంబయ్య.

"గట్లయితే సావిత్రిని నా ఎంట తోలుండ్రి."

"పిల్ల దవాఖానల కూసుంటే ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తరు? నీ కాడ నేనుంట, ఫికర్ చెయ్యకు."

"మీ కాల్మొక్త, జర నా మాట ఇనుండ్రి. పిల్ల లేకుంట నేను పోను."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అంతగా బతిమాలడం అతను ఎన్నడూ చూడలేదు. చావుకు భయపడుతోందనుకున్నాడు. అతనికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వినలేదు. రిక్షాలో పక్కన కూర్చోబెట్టుకుని, చేయి గట్టిగా పట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

ఆ రాత్రి మొగిలమ్మ ఒక్కసారి కూడా దగ్గలేదు.

"సూసినవా? గాలి మారంగనే ఎట్ల తగ్గిందో!" తెల్లవారాక సాంబయ్య సంబరపడిపోయాడు.

"తగ్గింది కద. ఇంటికి పోదాం నడువుండ్రి," అందామె.

"పది దినాలు కానియ్యి. పూర్తిగ నయం కావాలె."

"ఇయ్యాల్నే పోదాం. మీకు దండం పెడుత."

ఆమె రెండు చేతులూ జోడించింది. సాంబయ్య ఆ చేతులను మెల్లగా కిందికి దించి, దుప్పటి కప్పాడు. కష్టం గట్టెక్కిందన్న ధీమాతో, ఆమెను నర్సుకు అప్పజెప్పి, రెండు చీరలు తెద్దామని మధ్యాహ్నం ఇంటికి బయలుదేరాడు.

యాదగిరి మార్కెట్లో ఉన్నాడు, ఇంట్లో సావిత్రి ఒక్కతే ఉంది. బజారంతా కరెంటు పోయింది. సాంబయ్య గోనెపట్టా పక్కకు జరిపి, మెట్లెక్కి, చీరల కోసం మొగిలమ్మ గది ముందుకు వచ్చి ఆగిపోయాడు.

మూసి ఉన్న ఆ తలుపవతల నుంచి, మూడు నెలలుగా తాను కూర్చుని విన్న ఆ దగ్గే, ఆగకుండా వినిపిస్తోంది.