గంపతో బస్సెక్కిన మంత్రి

ఉప్పాడలో చేపలమ్మే నూకరత్నం వంటింటి గోడ మీది వీడియో తెరలో పార్లమెంటు రవాణా సంఘం ప్రత్యక్షమైంది. ఇవాళ సాక్ష్యం ఆమెదే. చేతుల నిండా పండుగప్ప చేప పొలుసులే.

"డ్రైవర్లేని బస్సులు అందర్నీ ఎక్కించుకుంటున్నాయి," అన్నాడు రవాణా మంత్రి.

"నా గంపనెక్కనివ్వట్లేదండి! నీసు వాసనంట. డ్రైవరున్నప్పుడు ఎనక మెట్టు మీదెట్టుకోనిచ్చేవోడు."

సంఘం అధ్యక్షురాలు పార్లమెంటు క్యాంటీన్ నుంచి చేపల గంప తెప్పించింది. "మంత్రిగారూ, బయటున్న బస్సెక్కి చూపించండి."

ఇరుగుపొరుగంతా వంటింట్లోకి తోసుకొచ్చారు. గోడ మీద మంత్రి గంపతో మెట్టెక్కాడు.

"దయచేసి దిగండి," అంది బస్సు.

"నేను మంత్రిని!"

"దయచేసి దిగండి."

ఈలలతో ఇల్లు దద్దరిల్లింది. నూకరత్నం గోడ దగ్గరికి ఉరికింది.

"గంప నెత్తినెట్టుకుని నడిచెల్లిపోండి బాబూ! నేను రోజూ అంతే!"