పిట్ట ముట్టలేదు

చచ్చిన మూడోనాడు కూడా రాజవ్వ మొగుడి పరువు తీసింది.

ఇంద్రేశం ఊరి వెనక, కొత్త లేఅవుట్ గోడ పక్కన మోదుగాకు విస్తరి పరిచారు. మాంసం తునకల కూర, కల్లు, ఆమె నమిలే తంబాకు పెట్టారు. గోడ మీద కాకులు వరసగా కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగదు. పిట్ట ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కొరత ఉన్నట్టు. అదేమిటో తేలేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు.

"బావా, అక్కకు నీ మీదనే కోపమున్నది," అన్నాడు రాజవ్వ తమ్ముడు శివశంకర్, అందరికీ వినబడేలా.

సత్తయ్యకు ఒళ్లు మండింది. ఈ మాట ఊళ్లో పడితే బతికినన్నాళ్లూ వదలదు. కోపం లేదని రాజవ్వ నోటే అనిపించాలి. కానీ పోయిన మనిషి చేత అనిపించేదెలా?

మనవరాలు హర్షిణి ఫోన్ తీసింది. "నానమ్మ పంపిన వాయిస్ మెసేజీలు, ఇంట్ల ఎవరితోని ఎట్లుంటుండెనో, అన్నీ ఈ ఏఐకి ఎక్కించిన. నానమ్మ లెక్కనే మాట్లాడతది. అడుగుండ్రి."

"అట్ల మాట్లాడితే దానికేం కావాల్నట?" అన్నాడు సత్తయ్య.

"దానికేం వద్దు తాతా. సొంత కోరికలుండయ్. ఆ మనిషైతే ఇప్పుడేమంటదో గది అల్లుతది, గంతే. ఎస్సై లెక్క ఉండుమంటే ఎస్సై."

శివశంకర్ నమ్మలేదు. ఎస్సై లెక్క మాట్లాడమన్నాడు. ఫోన్ గద్దించేసరికి లేచి నిలబడి, భుజం మీది తువ్వాల చంకలో పెట్టుకున్నాడు.

ఫోన్‌ను మళ్లీ రాజవ్వను చేశారు. కొడుకు నర్సింహులు వంగాడు. "అవ్వా, నీ వెండి కడియాలు నాకే గదా?"

"నీకే బిడ్డా."

కూతురు సృజన ఫోన్ గుంజుకుంది. "నాకిస్తనంటివి గదనే అవ్వా?"

"నీకే బిడ్డా."

అన్నాచెల్లెళ్లు కొట్లాటకు దిగారు. కాకులు కదలలేదు.

సత్తయ్యకు ధైర్యం వచ్చింది. ఏ ఎండకు ఆ గొడుగు పట్టే రకం ఇది. అందరికీ కావలసింది చెప్పి, తనకు మాత్రం చెప్పదా? ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నా మీద కోపం లేదని నలుగురిల చెప్పవే."

ఫోన్ పాఠం చదివినట్టు అంది: "రాజవ్వ మొహం తిప్పుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది."

"నిన్నేనే! నేను, సత్తయ్యను!"

"రాజవ్వ పొయ్యి ఊదుతోంది."

"ఖరాబైందా ఏంది ఇది?"

అప్పుడు అచ్చం రాజవ్వ మాట వచ్చింది. "హర్షిణీ, మీ తాతకు ఆకలైతున్నట్టున్నది. జెరంత అన్నం పెట్టు."

కొట్లాట ఆగిపోయింది. శివశంకర్ ఫోన్‌కు దండం పెట్టాడు. "అక్కనే! ఇగ డౌటే లేదు, మా అక్కనే!"

సృజన బోరుమంది. గోడ మీది కాకి దిగి తునక ఎత్తుకుపోయింది. ఎవరూ చూడలేదు. అందరూ సత్తయ్యనే చూస్తున్నారు.

చివరి ఇరవై రెండేళ్లూ ఒకే కప్పు కింద ఉండి తనతో నేరుగా ఒక్క మాటైనా మాట్లాడని పెళ్లాం ముచ్చట ఇక జన్మలో ఎత్తనని చెప్పి, సత్తయ్య ఫోన్‌ను విస్తరి పక్కన పెట్టి లేచాడు.