దుప్పి తొట్టి

పోశక్కా,

తప్పులు, వంకర అక్షరాలు మన్నించు. నాలుగో తరగతితో ఆగిన చెయ్యి ఇది.

ఈ ఏడు మా బెల్లంపల్లి వాగు శివరాత్రికే ఎండింది. బొగ్గు పొగలకు భూమి వేడెక్కుతోందని రేడియోలో చెప్పారట. అడవిలో నీళ్లు లేక ఒక దుప్పి తన పిల్లతో మా దొడ్డికి రాసాగింది. రోజూ బోరింగు నుంచి రెండు బిందెలు మోసి దానికి తొట్టి నింపేదాన్ని.

"మనకే తాగ నీళ్లు లెవ్వు, నీ సుట్టానికి తానం గూడ పోస్తవా?" అని అత్త నవ్వేది.

పోయిన వారం బయట కూర్చున్నాను. మూడు రోజులు బిందె ముట్టకూడదు కదా. తొట్టి నింపమని అత్తను అడగడానికి నోరు రాలేదు.

దుప్పి ఎండిన తొట్టి నాకి, నీళ్లు వెతుక్కుంటూ పోయి పాడుబావిలో పడి చచ్చిపోయింది. పిల్ల ఇంకా ఆ గట్టు మీదే అరుస్తోంది.

"ఏడ్వకు బిడ్డా, బయటున్నదానివి నువ్వేం జేస్తవు? నేనన్న నింపకపోతి. పాపం నాదే" అని అత్త రెండు రోజులుగా అన్నం ముట్టలేదు.

అక్కా, నాకు అసలు నెలసరి రాలేదు. ఎండలో నీళ్లు మోయలేక, మూడు రోజులు కూర్చుందామని అబద్ధమాడాను.

అత్తకు చెప్పే ధైర్యం లేదు. చదవగానే దీన్ని పొయ్యిలో వెయ్యి.