అభ్యంతరాల పెట్టె

ముసలాయన ఆ కాగితాన్ని పెట్టెలో వేయడం టీచరమ్మ కళ్ళారా చూసింది.

నగరపాలక ఆఫీసు వరండాలోని ఆ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘అభ్యంతరాలు’ అని రాసి ఉంది.

“చూశావా?” అంటూ చెల్లెల్ని మోచేత్తో పొడిచింది. “నేను చెప్పలేదూ, ఈయనే మనకి అడ్డం పడతాడని!”

“అందులో ఏం రాశారో మనకేం తెలుసక్కా?”

“ఆ పెట్టెలో ఆశీర్వాదాలు వేస్తారా ఎవరైనా?”

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. బడి వదిలాక పిల్లల్ని చేరదీసి చదివించడం తన అద్దె ఇంటి ముందు గదిలో పదకొండు మందితో మొదలుపెట్టింది. ఇప్పుడు తొంభై నాలుగు మంది. అమ్మానాన్నలు పనుల నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. అందాకా ఆ పిల్లలకి అక్కాచెల్లెళ్ళే దిక్కు. గదులు చాలక కొందరు మెట్ల మీద, ఇద్దరు ముగ్గురు వంటగట్టు కింద కూర్చుని ఎక్కాలు అప్పజెబుతున్నారు.

“ఇల్లు కాపురానికి ఇచ్చానమ్మా, సంతకి కాదు,” అని ఇంటాయన నెలాఖరుకి గడువు పెట్టేశాడు.

అదృష్టం కొద్దీ నగరపాలక సంస్థ వాళ్ళ పాత లైబ్రరీ ఒకటి ఏళ్ళ తరబడి మూతపడి ఉంది. ఆ హాలు ఇప్పించమని దరఖాస్తు పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి టేపుతో మూలమూలా కొలిచాడు.

“ఉన్నది ఒక్కటే తలుపు,” అని నసిగాడు. “ఈ గోడ వెనక ఎవరుంటారు?”

“ఎవరో ముసలాయనండీ. మేమెప్పుడొచ్చినా కిటికీలోంచి చూస్తూ ఉంటాడు. పలకరిస్తే పలకడు.”

ఇన్‌స్పెక్టరు ఆ వెనక గదికి వెళ్ళి ఆయనతో అరగంట మాట్లాడాడు. అప్పట్నుంచీ టీచరమ్మ మనసు కీడు శంకిస్తూనే ఉంది.

ఇవాళ ఆ దరఖాస్తు మీద విచారణ. పెట్టె తాళం మాత్రం సాయంత్రం గానీ తీయరు.

“మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అధికారి అడిగాడు.

ముసలాయన కుర్చీ పట్టుకుని లేవబోయాడు. ఆయన మోకాళ్ళు సర్దుకునేలోపే టీచరమ్మ లేచింది.

“ఈయన ఏం చెబుతారో నాకు తెలుసు సార్. పిల్లల గోల పడదంటారు. నిద్ర పట్టదంటారు. అంతేగా?”

“అమ్మా, నేను...”

“తొంభై నాలుగు మంది పిల్లల్ని వీధిలో నిలబెట్టి ఏం మూటగట్టుకుంటారండీ? రేపోమాపో పోయే మనిషికి ఇంకా ఇంత ప్రశాంతత దేనికి?”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో ఆమెకి ఊపొచ్చింది. అనకూడని మాటలు ఇంకో నాలుగు అనేసింది.

ముసలాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“చెప్పాల్సిందంతా కాగితంలో రాశానండీ,” అని అధికారితో అని, గోడ పట్టుకుంటూ బయటికి నడిచాడు.

“మరీ ఎక్కువైందక్కా,” అంది చెల్లెలు.

“ఎక్కువ కాదు, చాల్లేదు.”

నాలుగు రోజుల తర్వాత లైబ్రరీ దగ్గరికి వెళ్ళి చూస్తే వెనక గదికి తాళం వేసి ఉంది.

“మొహం చెల్లక పోయుంటాడు. పీడ విరగడైంది!” అని టీచరమ్మ పిల్లల ముందే నవ్వింది. పెద్దవాళ్ళు నవ్వితే చాలు కదా, పిల్లలూ నవ్వారు.

గడువు ఇంకో రెండు రోజులుందనగా ఆఫీసు నుంచి కబురొచ్చింది. అనుమతి మంజూరైంది! అక్కాచెల్లెళ్ళు పరుగున వెళ్ళారు. గుమాస్తా ముద్ర వేసి ఉత్తర్వు చేతికిచ్చాడు.

అది పుచ్చుకుని వచ్చేస్తే సరిపోయేది. గెలిచిన నోరు ఊరుకుంటుందా?

“మరి ఆ అభ్యంతరం ఏమైందండీ?”

“ఏ అభ్యంతరం?”

“అదే, ఆ పెద్దమనిషి పెట్టెలో వేశారుగా.”

“ఆయనదా! అది అభ్యంతరం కాదమ్మా. యాభై మంది దాటితే హాలుకి రెండో తలుపు ఉండి తీరాలి. ఆ కాగితమే లేకపోతే మీకు అనుమతి వచ్చేదే కాదు.”

టీచరమ్మకి అర్థం కాలేదు. “మరి ఆ పెట్టెలో ఎందుకు వేశారు?”

“ఇంకెందులో వేస్తారు? ‘మాకు ఇష్టమే’ అని చెప్పడానికి ఈ ఆఫీసుకి ఎవరొస్తారమ్మా? అందుకని ఉన్నది ఆ ఒక్క పెట్టే. నేనే అందులో వేయమన్నాను.”

కిసుక్కుమన్న ఆ నవ్వు మళ్ళీ ఆమె చెవుల్లో వినిపించింది.

“ఆయన ఇప్పుడు ఎక్కడుంటున్నారు?”

“తెలీదమ్మా. కొత్త చిరునామా రాయమంటే, ఇల్లు ఇంకా ఎక్కడా దొరకలేదన్నారు.”

గుమాస్తా ఫైలు తిప్పి ఆమె ముందు పెట్టాడు. టీచరమ్మకి చెల్లెలి మొహం చూసే ధైర్యం లేకపోయింది. నాలిక కోసుకోవాలనిపించింది. తల వంచుకుని ఆ కాగితం చదివింది.

‘ముప్పై ఏళ్ళు ఈ లైబ్రరీలో పనిచేసినందుకు, బతికున్నన్నాళ్ళూ ఉండమని నాకిచ్చిన వెనక గదిని, పిల్లలకి రెండో దారి కావాలంటున్నారు కాబట్టి, ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాను.’