అప్పాజీ మేష్టారి సగానికి సగం

“ఆ పొట్లాలు కట్టిందెవరు?” అన్నాడు అప్పాజీ మేష్టారు, చాచిన చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

“నేనేరా. ఏం?” అంది వాళ్లక్క అన్నపూర్ణమ్మ.

దొరలు కొత్తగా తవ్వించిన కాలవగట్టు మీద, ఇత్తడి పళ్లెంలో రెండు ఆకు పొట్లాలున్నాయి. అన్నదమ్ములు వేరు పడుతున్నారు. అన్నీ తెగాయి గానీ నుయ్యి తెగలేదు. మొగల్తూరు వైపు ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. వీళ్ల పెరటి నూతిలో మాత్రం కొబ్బరినీళ్లు. అది దక్కనివాళ్ల ఆడవాళ్లు కాలవనుంచి బిందెలు మోసుకోవాల్సిందే. మేష్టారి భార్య వీరమ్మకి అసలే నడుంనెప్పి.

అందుకని గంగమ్మకి దణ్ణం పెట్టి పూలు పెట్టారు. ఒక పొట్లంలో ఎర్ర మందారం, ఇంకోదాంట్లో తెల్ల నందివర్ధనం. పెద్దవాడు కాబట్టి అప్పాజీ ఒకటి తీస్తాడు. ఎర్రదొస్తే నుయ్యి అతనిది, తెల్లదొస్తే తమ్ముడు చిట్టియ్యది.

“తియ్యండి మేష్టారూ,” అన్నాడు పెద్దమనిషి పల్లంరాజు. “వస్తే మీకు, లేకపోతే ఆయనకి. సగానికి సగం.”

“కట్టిన చెయ్యి సరైందైతేనండీ సగానికి సగం!”

మేష్టారు బళ్లో లెక్కలు చెప్తాడు. ఇంట్లో పప్పు వడ్డిస్తుంటే గరిటెకేసి అనుమానంగా చూస్తాడు.

“భయం లేదు, తియ్యరా,” అని అక్క కన్నుగీటింది.

ఆ గీటింది తన వెనకాల నిలబడ్డ చిట్టియ్యకేనని మేష్టారికి తేలిపోయింది. నిన్న అక్క పనసపొట్టు కూర మారు వడ్డించుకుంది ఎవరింట? చిట్టియ్యింట. తనింట్లో మజ్జిగ కూడా పోసుకోకుండా లేచింది.

జరగడానికి వీలున్నవన్నీ ముందు వరసగా పేర్చుకోవాలని బళ్లో ఆయనే చెప్తాడు. పేర్చుకున్నాడు. ఒకటి, చెరో రంగూ. రెండు, రెండూ తెల్లవే. ఇంకేముంది? ఇంకేం లేదు.

చటుక్కున ఒక పొట్లం తీసి, విప్పకుండానే కాలవలోకి విసిరేశాడు.

“అన్నయ్యా!” అని అరిచాడు చిట్టియ్య.

“గోదారమ్మకిచ్చుకున్నాను, నీకేంటి? మిగిలింది విప్పండి రాజుగారూ. అది తెల్లదైతే నేను తీసింది ఎర్రది. అవునా కాదా?”

పల్లంరాజు గడ్డం గోక్కున్నాడు. “అవుననుకోండి. మరి ఎర్రదైతే?”

“నేను తీసింది తెల్లదన్నమాట. నుయ్యి వాడిదే. నోరెత్తితే గంగమ్మ మీద ఒట్టు!”

అక్క మొహం పాలిపోయింది. దొంగ దొరికిందనుకుని మేష్టారు మీసం దువ్వాడు.

పల్లంరాజు పొట్లం విప్పాడు.

ఎర్ర మందారం.

చిట్టియ్య బొక్కెన కోసం ఇంటికి పరిగెత్తాడు. పల్లంరాజు కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

“క్షమించు అక్కయ్యా,” అన్నాడు మేష్టారు. “నువ్వు మోసం చేశావనుకున్నాను.”

అన్నపూర్ణమ్మ అటూ ఇటూ చూసి, తమ్ముడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

“చేశానురా వెధవా! మీ ఆవిడ నడుం చూసి జాలేసి, తెల్లపువ్వు అసలు కొయ్యనేలేదు.”